మూసమట్టిలో కర్బనము

పల్నాటి సీమలో దాచేపల్లి, పిడుగురాళ్ల పరిసరములందు నేలక్రింద సున్నపురాయి పొరలు పొరలుగా పరచియున్నది. పూర్వము అమరావతి శిల్పులు చెక్కినది ఈ జాతి రాయినే. నేటి సున్నపు బట్టీలకును, సిమెంటు కర్మాగారములకును ముడిసరకు ఇదియే. బట్టీలో ఈ రాయిని కాల్చినప్పుడు జరుగు మార్పు పాఠశాల విద్యార్థులు సైతము ఎరిగినదే. రాయిలోని కర్బనము ఆక్సిజనుతో కూడి బొగ్గుపులుసు వాయువుగా వెడలిపోవును. స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు కాల్చినచో 56 కిలోల సున్నము మిగులును. తక్కిన 44 కిలోలు గాలిలో కలియును. బట్టీలో మండిన బొగ్గు గతియు ఇంతే. సున్నము కాల్చువానికి కర్బనముతో గల అవసరము వేడి పుట్టించువరకే.

దీనికి సరిగా ఎదురైన విద్య మరియొకటి కలదు. అందులో కర్బనమును పోనీయక, కాలిన మట్టిలోనే నిలుపుకొందురు. కరిగిన ఉక్కును పట్టియుంచు పాత్రలకు ఈ విద్యయే ఆధారము. నేడు శాస్త్రజ్ఞులు పాలిమర్లను, కర్బనపు నానో కణములను జోడించి మేలైన సిరామిక్ పదార్థములను తయారుచేయుచున్నారు. ఈ పని కొత్తదే. కాని దాని మూలసూత్రము మన నేలపై చాలకాలము క్రిందటనే ఆచరణలో నుండినది. ఆ చరిత్రను సంగ్రహముగా తెలిసికొందము.

ఊకలో ఏమున్నది?

పల్లెలలో మట్టిపొయ్యి వేయువారు బంకమట్టిలో వరిఊక కలిపి తొక్కి, నాననిచ్చి, పిదప పొయ్యి తీర్చుదురు. ఊక కలుపనిచో ఆరునప్పుడు మట్టి నెఱ్ఱెలు విచ్చును. ఈ సంగతి ఇల్లాండ్రకు అనుభవముచే తెలిసినదే. అయితే ఆ ఊకలో నున్న పదార్థము లేవి?

చిన్న అణువులు వేలకొలదిగా గొలుసువలె కూర్పబడి ఏర్పడిన మహాణువులకు పాలిమర్లని పేరు. ప్లాస్టిక్కులు మానవుడు చేసిన పాలిమర్లు. ప్రకృతి చేసిన వానిలో ముఖ్యమైనది సెల్యులోజు. గుంటూరు మండలపు పత్తి దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజే. వరిఊకలోను సెల్యులోజు, దానితోపాటు లిగ్నిను మున్నగు ఇతర పాలిమర్లును గలవు. ఊకలో మరియొక విశేష మున్నది. వరిమొక్క నేలలోని నీటితోపాటు సిలికాను, అనగా ఇసుకలో నుండు పదార్థమునే, పీల్చుకొని ఊకలో చేర్చుకొనును. ఊక బరువులో సుమారు అయిదవవంతు ఖనిజ పదార్థము. అందులో అధికభాగము సిలికా.

ఊకను గాలిలో బాగుగా కాల్చినచో తెల్లని బూడిద మిగులును. గాలి తగులనీయక కాల్చినచో ఫలితము వేరు. పాలిమర్లలోని హైడ్రోజను, ఆక్సిజను ఆవిరిగాను, తారుగాను వెడలిపోగా కర్బనము మాత్రము నల్లని బొగ్గుగా నిలుచును. 1879లో ఎడిసన్ తన విద్యుద్దీపమునకు నూలుదారమును ఈ విధముగనే మాడ్చి కర్బనపు తీగగా చేసెను. ఊకను మాడ్చినప్పుడు కర్బనముతోపాటు సిలికాయు మిగులును. ఆ రెండును మీటరులో నూరుకోట్లవ వంతులతో కొలువదగినంత సూక్ష్మముగా ఒకదానిలో నొకటి చొచ్చుకొని యుండును. మీటరులో నూరుకోట్లవ వంతునకే నానోమీటరని పేరు. బొగ్గును, ఇసుకను రోటిలో ఎంత నూరినను ఇట్టి కలయిక రాదు. ఈ వ్యాసమునకు కీలకమైన విషయము ఇదియే: కర్బనమును పొడిగా కలుపుట వేరు, పాలిమరు రూపమున చేర్చి లోపలనే పుట్టించుట వేరు.

కోనసముద్రపు మూసలు

మట్టి, ఊకల కలయికను మన లోహకారులు ఎంతదూరము కొనిపోయిరో తెలిసికొనుటకు పల్నాడు విడిచి, కృష్ణ దాటి, ఉత్తర తెలంగాణమునకు పోవలెను. నిజామాబాదు జిల్లాలో కోనసముద్రమను గ్రామము గలదు. ఒకప్పుడు ఇచ్చటి ఉక్కు ముద్దలకై పారసీక వర్తకులు ఇస్ఫహాను నుండి వచ్చుచుండిరి. ఐరోపావారు ‘ఊట్జ్’ అని పిలిచినది ఈ జాతి ఉక్కునే. ఆ పేరు మన ‘ఉక్కు’ అను మాటకు వికృతి యని పలువురి అభిప్రాయము.

మహా త్రికోణమితీయ సర్వేలో వైద్యుడుగను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వెస్లీ వాయిసీ ఈ గ్రామమును దర్శించి, ఉక్కు చేయు విధానమును వ్రాసియుంచెను. అతడు 1824లో మరణించెను. అతని వ్రాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. మిర్త్‌పల్లి ఇనుము, కొండాపురపు ఇనుము అను రెండు రకములను కలిపి మూసలో నుంచి, మూతిని మట్టితో మూసి, కొలిమిలో పెట్టి, తిత్తులతో ఊది కరగించుచుండిరని అందువలన తెలియుచున్నది. ఒకటి కర్బనము ఎక్కువగా గల ఇనుము, రెండవది తక్కువగా గల ఇనుము కావచ్చునని తరువాతి పరిశోధకులు భావించిరి. మైసూరు, సేలము ప్రాంతములలో విధానము వేరు. అచ్చట ఇనుముతోపాటు తంగేడు కట్టె ముక్కలను, పచ్చి ఆకులను మూసలో వేసి, వానినుండి కర్బనము నిచ్చుచుండిరి.

చరిత్రకారులు ఎక్కువగా ఉక్కును గురించియే వ్రాసిరి. మూసను గురించి వ్రాసినవారు కొద్దిమంది. కాని పనిలోని కష్టమంతయు మూసలోనే యున్నది. స్వచ్ఛమైన ఇనుము 1538 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద కరగును. ఒకటిన్నర శాతము కర్బనము చేరినచో ఆ వేడి నూరు డిగ్రీలమేర తగ్గును. అయినను మామూలు కుండమట్టి 1100, 1200 డిగ్రీలకే మెత్తబడి కుంగిపోవును. దానికి ముఖ్యకారణము మట్టిలోని ఇనుపతుప్పు. అది సిలికాతో కలిసి మట్టిని త్వరగా కరగించును. గంటల తరబడి అంతటి కొలిమివేడికి తాళి, లోని కరిగిన లోహపు బరువును మోసి, బయటి గాలిని లోనికి రానీయక నిలిచిన చిన్న మట్టిపాత్ర సామాన్యమైనది కాదు.

సూక్ష్మదర్శినిలో కనిపించినది

దక్కను మూసల పెంకులను థెల్మా లోవ్ అను పరిశోధకురాలు పరీక్షించి, 1989లో అమెరికా సిరామిక్ సంఘపు గ్రంథములో ఒక వ్యాసము ప్రకటించెను. 1991లో మెర్క్, గారెత్ థామస్ అను శాస్త్రజ్ఞులతో కలిసి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చేసిన పరిశీలనలను వెల్లడించెను. ఆ మూసమట్టిలో విస్తారముగా వరిఊక కలుపబడినదనియు, అది గాలిలేని వేడిలో మాడి కర్బనముగను, సిలికా అస్థిపంజరముగను మిగిలినదనియు తేలినది. ఊక పైపొరపై నుండు గరుకు గీతలుకూడ ఆ సిలికాలో ముద్రవలె నిలిచియుండుట గమనింపదగినది. అంతియే కాదు. మట్టిలోని అల్యూమినా, సిలికాలు కలిసి ‘ములైట్’ అను ఖనిజముగా మారి, సన్నని సూదులవలె పెరిగి, గాజువంటి పదార్థములో జల్లెడవలె అల్లుకొనినవి. ఇట్లు నారలచే బలపడిన సిరామిక్కును నేటి శాస్త్రపరిభాషలో మిశ్రమ పదార్థ మందురు. ఆ శాస్త్రజ్ఞులు మూసకు ఆ పేరునే పెట్టిరి.

మాడిన ఊక మూసకు చేసిన ఉపకారములను విడదీసి చూడవచ్చును. మొదటిది, పచ్చిమూస ఆరునప్పుడు నెఱ్ఱెలు పోకుండ కాపాడినది. రెండవది, కర్బనము ఎంత వేడికిని కరగదు, మెత్తబడదు. గోడకు బిగువు నిచ్చినది. మూడవది, గోడలోనికి చొరబడిన ఆక్సిజనును తానే గ్రహించి, లోని ఉక్కు తుప్పుగా మారకుండ అడ్డుపడినది. నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది: మట్టిలోని ఇనుపతుప్పునుండి ఆక్సిజనును లాగివేసి, దానిని చిన్న ఇనుపబొట్లుగా మార్చినది. కరగుటకు కారణమైన తుప్పు తొలగినందున, అదే మట్టి మునుపటికంటె ఎక్కువ వేడికి నిలిచినది. మూసలు నల్లగా నుండుటకు కారణము ఇట్లు నిలిచిన కర్బనమే.

పూర్వులకు ఈ రసాయన శాస్త్రము తెలియునని చెప్పుట సరికాదు. ములైట్ అను పేరే 1924లో పుట్టినది. వారికి తెలిసినది ఏ మట్టి, ఎంత ఊక, ఎంత సెగ యన్నదే. ఆ లెక్క వ్రాతలో లేదు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినది. యంత్రశాలల ఉక్కు వచ్చి కొలుములు ఆరిపోయినప్పుడు ఆ లెక్కయు వానితోనే పోయినది. మనకు మిగిలినవి చిట్టెపు దిబ్బలు, మూసపెంకులు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును, ఇంగ్లండులోని ఎక్సిటర్ విశ్వవిద్యాలయమువారును ఉత్తర తెలంగాణములో ఊరూరు తిరిగి ఇట్టి చోట్లను పట్టికగా వ్రాసిరి.

మూస నుండి కన్వర్టరు వరకు

1907లో బేక్‌లాండ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫినాలు, ఫార్మాల్డిహైడులనుండి గట్టి రెసిను తయారుచేసెను. బేకలైటు అను పేరుతో అది విద్యుత్ స్విచ్చులకును, రేడియో పెట్టెలకును ఉపయోగపడినది. దానికి మరియొక గుణము గలదు. గాలి తగులనీయక వేడిచేసినచో అది కరగి కారిపోదు; తన బరువులో సుమారు సగమును కర్బనముగా నిలుపుకొనును. ఊక చేసిన పనినే ఈ రెసిను మరింత శుభ్రముగా చేయగలదన్నమాట.

1952లో ఆస్ట్రియాలోని లింజ్ పట్టణమున ఆక్సిజన్ ఊది ఉక్కుచేయు కన్వర్టరు వచ్చినది. మన విశాఖ ఉక్కు కర్మాగారములో నున్నవి ఈ తరగతి కన్వర్టర్లే. వీనిలోపల 1600 డిగ్రీలకు మించిన వేడి, మట్టిని తినివేయు చిట్టెము, ఉధృతమైన ఆక్సిజను ఉండును. 1970 తరువాత ప్రపంచమంతట ఇట్టి కన్వర్టర్ల లోగోడలకు మెగ్నీషియా, గ్రాఫైటు కలిపి ఫినాలు రెసినుతో బంధించిన ఇటుకలు వాడుకలోనికి వచ్చినవి. ద్రవరూపమున నున్న చిట్టెము కర్బనమును తడుపదు. తామరాకుపై నీటిబొట్టువలె విడిగా నిలుచును. అందుచే అది ఇటుకలోనికి ఇంకి తినివేయజాలదు.

అయినను కర్బనము ఎక్కువైనచో దోషములును గలవు. గ్రాఫైటు వేడిని త్వరగా బయటికి పోనిచ్చును. ఆక్సిజను తగిలిన కాలిపోయి గుల్ల చేయును. కర్బనము తక్కువగా నుండవలసిన ఉక్కులో కరగి దాని జాతిని చెరచును. కావున కర్బనమును తగ్గించియు దాని మేలును పొందు ఉపాయమును శాస్త్రజ్ఞులు వెదకిరి. నానో కణముల ప్రసక్తి ఇచ్చట వచ్చినది. కర్బనపు కణము ఎంత చిన్నదైన, అంత తక్కువ పదార్థముతో అన్ని సందులను నింపవచ్చును. ఇట్టి కణములు మనకు కొత్తవి కావు. ఆముదపు దీపముపై పళ్లెము బోర్లించి పట్టిన కాటుక మసిలోని కణములు కొన్ని పదుల నానోమీటర్లే. కర్మాగారములలో తయారగు కార్బన్ బ్లాక్ అను నల్లపొడియు అట్టిదే. దీనిని ముందుగా ద్రవరెసినులో సమముగా కలిపి, ఆ రెసినును మెగ్నీషియా పలుకులకు పట్టించి, మాడ్చెదరు. తొలుత 10 శాతమునకు పైగా గ్రాఫైటు పట్టిన ఇటుకలలో, ఈ పద్ధతిచే కర్బనమును ఎంతో తగ్గించుటకు పరిశోధనలు జరుగుచున్నవి.

ఊక నుండి సిలికాన్ కార్బైడు

కర్బనము మట్టిలో తోడుగా నుండుటయే గాక, తానే సిరామిక్కులో భాగమగుటయు కలదు. 1891లో అమెరికాలో అచెసన్ అనువాడు ఇసుక, కోకు బొగ్గులను విద్యుత్ కొలిమిలో రెండువేల డిగ్రీలకు పైగా వేడిచేసి సిలికాన్ కార్బైడును తయారుచేసెను. సానరాళ్లలోను, గరుకు కాగితములలోను దీనిని చూచుచున్నాము. 1973లో యూటా విశ్వవిద్యాలయపు ఐవన్ కట్లర్ వరిఊకనుండి ఈ పదార్థమును చేయు పద్ధతికి పేటెంటు పొందెను. ఊకలో సిలికా, కర్బనము ముందే పెనవేసికొని యుండుటచే, అచెసన్ కొలిమికంటె తక్కువ వేడికే అవి కలియును.

పొడి దొరికినను దానిని సాంద్రమైన వస్తువుగా చేయుట కష్టమైనది. సిలికాన్ కార్బైడు రేణువులు వేడిచేసినను ఒకదానికొకటి సులభముగా అంటుకొనవు. వానిపై పలుచని సిలికా పొర యుండి అడ్డుపడును. 1970వ దశకమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధకుడు ప్రోహాజ్‌కా స్వల్పముగా బోరానును, కర్బనమును కలిపి ఈ చిక్కును విడదీసెను. కర్బనము ఆ పొరను తొలగించును. అది ప్రతి రేణువుచుట్టును సమముగా నుండవలెను. అందుచే దీనిని పొడిగా కాక, ఫినాలు రెసిను ద్రావణముగా కలుపుట వాడుకయైనది. 1975లో జపానులోని తోహోకు విశ్వవిద్యాలయపు యాజిమా మరియొక అడుగు ముందునకు వేసెను. సిలికాన్, కర్బనము రెండును గల పాలిమరును దారముగా తీసి, కాల్చి, దానినే సిలికాన్ కార్బైడు నారగా మార్చెను.

హైదరాబాదులోని బాలాపురమువద్ద లోహచూర్ణ విజ్ఞానము, నూతన పదార్థముల అంతర్జాతీయ పరిశోధన కేంద్రము 1997 నుండి పనిచేయుచున్నది. అచ్చట సిలికాన్ కార్బైడు వంటి సిరామిక్కులకును, నానో పదార్థములకును ప్రత్యేక విభాగములు గలవు. ఆ నగరమందలి రక్షణ పరిశోధనాలయములలో వికసించిన కర్బన–కర్బన మిశ్రమ పదార్థము ఈ కుటుంబమునకు చేరినదే. కర్బనపు నారల అల్లికలో రెసినునో, కీలునో నింపి, మాడ్చి, మరల నింపి, మరల మాడ్చి దీనిని తయారుచేయుదురు. 1989 మే 22న చాందీపురమునుండి మొదటిసారి ఎగిరిన అగ్ని క్షిపణి, వాతావరణములోనికి తిరిగి ప్రవేశించునప్పటి వేడిని కర్బనపు మిశ్రమ కవచముతోనే తట్టుకొనవలసియుండెను.

కొలతలు నేర్పిన పాఠము

1991లో జపాను శాస్త్రజ్ఞుడు ఇజిమా కర్బనపు నానో గొట్టములను వర్ణించి లోకమున గొప్ప ఆసక్తి కలిగించెను. ఈ గొట్టములు బరువునుబట్టి చూచిన ఉక్కుకంటె ఎన్నోరెట్లు దృఢమైనవి. సిరామిక్కులకు పుట్టుకతో వచ్చిన దోషము పెళుసుదనము. గోడలో కంపలవలె ఈ గొట్టములు పగులును పట్టి నిలుపవా యని పలువురు ఆశించిరి.

2003లో కాలిఫోర్నియాలో అమియ ముఖర్జీ బృందమువారు అల్యూమినాలో నానో గొట్టములు కలిపి, దాని పగులునోర్చు శక్తి దాదాపు మూడురెట్లయినదని ప్రకటించిరి. వారు వజ్రపు మొనతో నొక్కి, గుంట మూలలనుండి బయలుదేరిన పగుళ్ల పొడవునుబట్టి ఆ శక్తిని లెక్కించిరి. మరుసటి సంవత్సరమే నితిన్ పడ్చూరే, ఆయన సహచరులు అట్టి పదార్థమును చేసి, ముందుగా సన్నని గంటు పెట్టి వంచి విరుచు పద్ధతిచే పరీక్షించిరి. పగులునోర్చు శక్తి చెప్పుకొనదగినంత పెరుగలేదని తేలినది. మొన నొక్కినప్పుడు ఆ పదార్థము లోలోపల నలిగి సర్దుకొనుటచే పగుళ్లు పొట్టివిగా కనబడినవి. దానిని శక్తిగా పొరబడుట జరిగినది. అట్లు నలిగి సర్దుకొను గుణము ఒక విధముగా మేలైనదే. కాని మొదట చెప్పిన మేలు అది కాదు.

గొట్టములు ఉండలు కట్టుటయు, రేణువులతో సరిగా అంటకపోవుటయు ఈ పనిలోని పెద్ద చిక్కులు. పాలిమరు అణువులను గొట్టములకు తొడుగువలె పట్టించి విడదీయుట ఇందుకు ఒక ఉపాయము. ఊకలో ప్రకృతి సహజముగా కూర్చిన సమవ్యాప్తిని ప్రయోగశాలలో సాధించుటకు ఇంత శ్రమ పడవలసివచ్చినది.

ఇట్టి జాగ్రత్తయే చరిత్ర విషయమునను అవసరము. 2006లో డ్రెస్డెనుకు చెందిన పౌఫ్లర్ బృందము, 17వ శతాబ్దపు డమాస్కస్ ఖడ్గమొకదాని ముక్కను ఆమ్లములో కరగించి చూడగా, కర్బనపు నానో గొట్టములు కనబడినవని ‘నేచర్’ పత్రికలో తెలిపినది. ఇట్టి ఖడ్గములకు భారతదేశపు మూసఉక్కు ముడిసరకని ప్రసిద్ధి. ఈ వార్త విని, మన పూర్వులకు నానో విజ్ఞానము తెలియునని కొందరు గొప్పలు చెప్పిరి. అది తొందరపాటు. ఒక ఖడ్గమునుండి తీసిన ముక్కను బట్టి యావత్తు విద్యను నిర్ణయింపరాదు. పైగా ఆ పొగడ్త అవసరముకూడ లేదు. మూసపెంకులో కంటికి కనబడుచున్న ఊకముద్రయే మన పనివారి ప్రజ్ఞకు చాలినంత సాక్ష్యము.

మిగిలిన సంపద

నాగార్జునసాగరపు కాలువలు 1967లో పారిన పిమ్మట పల్నాటి మెట్టనేలలలో పత్తి, మిరపలతోపాటు వరియు పెరిగినది. ధాన్యపు మిల్లులవద్ద గుట్టలుగా పడు ఊక అధికభాగము బాయిలర్లలో వంటచెరకే యగుచున్నది. తగిన వేడిలో కాల్చిన ఊకబూడిదలోని సిలికా సున్నముతో కలిసి గట్టిపడును. సిమెంటులో కొంతభాగమునకు బదులుగా దానిని వాడవచ్చును. గాలిలేక మాడ్చిన ఊకనుండి సిలికాన్ కార్బైడు రాగలదు. సున్నపురాయి, ఊక ఒకేచోట దొరకు దాచేపల్లి వంటి ప్రాంతమున వీనిని గురించి విద్యార్థులు ప్రయోగములు చేయుటకు మంచి అవకాశమున్నది.

కోనసముద్రపు పరిసరములందు ఇంకను మిగిలిన మూసపెంకులు మరియొక సంపద. చిట్టెపు దిబ్బలను తవ్వి బాటలకు పోసినచో, మట్టిపాళ్లను, ఊకపాళ్లను, సెగను తెలుపు ఏకైక లేఖనము నశించును. ఆ పనివారు పేర్లు వ్రాసికొనలేదు, గ్రంథములు రచింపలేదు. వారు నేర్చినదంతయు ఆ నల్లపెంకులలో నున్నది. వానిని భద్రపరచి, నేటి పరికరములతో చదువుట మన పని.